కుండీ కాపలా

మూడో అంతస్తు హావెల్కా, మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ
బకెట్లో రెండు చేపల్ని తెచ్చి మా గుమ్మంలో పెట్టాడు.
"నెల రోజులే. సిక్లిడ్‌లు. జంట.
నీళ్లు ఇరవై ఆరు డిగ్రీలు. తక్కిందంతా అవే చెబుతాయి."

బూడిదరంగు ఒంటి మీద నల్ల చారలు.
జైలు బట్టలంది యిట్కా, చూడగానే.
ఆడదాని పొట్ట మీద మాత్రం
నారింజ తొన చిట్లినట్టు ఒక మెరుపు.

ఒస్ట్రావాలో జనవరి. మంచు కూడా మసి పూసుకునే రాలుతుంది.
నేను మూడున్నరకి లేచి ట్రామ్ నడపాలి,
ఒటాకర్ కోక్ బట్టీ నుంచి ఆరింటికి ఇల్లు చేరతాడు.
ఒకే పరుపు, రెండు వేళల్లో వెచ్చబడుతుంది.
మా కాపురమంతా ఫ్రిజ్ తలుపు మీది చీటీలు:
పాలు లేవు. కరెంటు బిల్లు కట్టాను.
చేపలకి మేత వేశాను, నువ్వు వెయ్యకు.

మొదటి వారమంతా అవి ఇల్లు సర్దాయి.
మేం ముచ్చటపడి నాటిన మొక్కని వేళ్లతో సహా పెకలించాయి.
గులకరాళ్లని ఒక్కొక్కటే నోట కరుచుకుని
ఈ మూల నుంచి ఆ మూలకి, మళ్లీ ఆ మూల నుంచి ఈ మూలకి.
అత్తగారు వచ్చి వెళ్లాక నా వంటగది ఇలాగే ఉంటుంది.
పగిలిన పూలకుండీ లోపల, పైకప్పుకి అంటుకుని,
ఒకనాడు గసగసాల్లా గుడ్లు.

గుడ్లు పెట్టింది, అని రాశాను.
కింద ఒక మసి వేలిముద్ర: చూశాను. రెండు వందలుంటాయి.

మూడో రోజుకి ఒక్కటీ లేదు.
కన్నవాళ్లే తినేశారు.
యిట్కా ఆ పూట కంచం ముట్టలేదు.
ఆసుపత్రికి ఫోన్ చేస్తే హావెల్కా
"మొదటిసారి కదా, చేతకాదు" అన్నాడు,
రొట్టె మాడ్చిన పిల్ల గురించి చెప్పినట్టు.

ఆ తర్వాత మగది తిరగబడింది.
దాని తోకని పీలికలు చేసి హీటర్ వెనక ఇరుకులోకి తరిమింది.
నేను డ్యూటీ కోటుతోనే, మోచేతి దాకా చెయ్యి ముంచి
నడుమ గాజుపలక దించాను. నా వేలూ కొరికింది.
అటొకటి, ఇటొకటి.
కొట్టినదే పొద్దంతా గాజుకి ముక్కు ఆనించుకుని ఉంది.
పశ్చాత్తాపం అననివ్వండి యిట్కాని.
చేప మనసు నాకేం తెలుసు,
తన నీడనే చూసుకుంటోందేమో.

పదకొండో రోజు ఒటాకర్ పలక తీసేశాడు.
చీటీ లేదు. అడగనూ లేదు.
వారానికి మళ్లీ గసగసాలు.
ఈసారి ఆమె లోపల రెక్కతో విసురుతుంటే అతను గుమ్మంలో.
ఆమె మేతకి పైకొస్తే అతను లోపలికి.
దాటిపోతూ ఒకరినొకరు చూసుకోనైనా చూసుకోరు,
కుండీ మాత్రం ఖాళీగా ఉండదు.

కుండీ అడుగున తోకలున్న చుక్కలు కదిలిన రాత్రే
ఊరంతా కరెంటు పోయింది.
డిపోలో ట్రామ్‌లు కదల్లేదు, నేను నడిచి తిరిగొచ్చాను.
ఆరింటికి చీకట్లో తాళం తిరిగింది.
గ్యాసు మీద నీళ్లు కాచి సీసాల్లో నింపి తొట్టిలో తేల్చాం.
పరుపు మీది దుప్పటి తీసి తొట్టికి చుట్టాం.
మాకు కప్పుకోను లేక కోట్లతో నేల మీద కూర్చున్నాం.
థర్మామీటర్ మీద టార్చి వేసి
"ఇరవై రెండు" అన్నాడు. కాసేపాగి "ఇరవై మూడు."
అతని గొంతు ఇంత బొంగురుగా ఎప్పుడైందో నాకు తెలియదు.

కొత్త మోకాలితో హావెల్కా వచ్చాడు, తొట్టి చూశాడు,
"ఇప్పుడవి మీవే" అని మెట్లు దిగిపోయాడు, పరుగు లాంటి నడకతో.
ఎందుకో తర్వాత తెలిసింది:
నూట నలభై పిల్లలు, చేపల దుకాణంవాడు ఊరికే ఇస్తానన్నా వద్దన్నాడు.

కుండీ తీసెయ్, మళ్లీ మొదలెడతాయి, అని రాశాను.
కింద మసి వేలిముద్ర: నువ్వే తియ్యి.

కుండీ అక్కడే ఉంది.